కుంటలో బోనువల

'పిల్లాపాపలతో చూడదగ్గ లోయ' అనే పెద్ద బోర్డు రోడ్డు మలుపులో ఇంకా నిలబడే ఉంది. బోర్డుకేం, దానికి సిగ్గా శరమా. దాని మీద నాలుగు బొమ్మలుంటాయి: పొగ వదిలే బుల్లి రైలు, జలపాతం, స్ట్రాబెర్రీ తోట, వాగుల్లో బతికే బాతుముక్కు ప్లాటిపస్. కార్చిచ్చు వచ్చిన ఏడు రైలు వంతెన కాలి కూలిపోయింది. ఇప్పుడు ఇంజను స్టేషన్లో కదలకుండా కూర్చుంటే పిల్లలు ఎక్కి, గంట కొట్టి, దిగిపోతారు. జలపాతం పేరుకే. ఎండాకాలం అక్కడ బండ తప్ప ఏమీ కనబడదు. స్ట్రాబెర్రీ తోటవాళ్ళు అంతా అమ్ముకొని సముద్రం పక్కకి పోయారు. మిగిలింది నాలుగో బొమ్మ. దాని బాధ్యత ఫెర్గస్ డూలన్‌ది.

ఫెర్గ్ మొదట్నించీ పాడి మనిషి. ఆవుల్ని అమ్మేశాక వాగు ఒడ్డున మెట్లు మెట్లుగా చెక్క అరుగు కట్టి, సాయంత్రం పూట జనాన్ని కూర్చోబెట్టి ప్లాటిపస్‌ని చూపించడం మొదలుపెట్టాడు. చూపించడం అంటే ఒప్పుకోడు. వస్తే చూస్తాం, అంతే అంటాడు. అతని భార్య లియోనీ పాలకొట్టాన్ని టీ కొట్టుగా మార్చి, స్కోన్లనే బన్ను రొట్టెలూ జామూ మీగడా పెట్టింది. వాగు దగ్గర ఒకటే నియమం, నోరు మూసుకోవడం. ఫెర్గ్ పెదవుల మీద వేలు పెట్టాడంటే బిషప్పుగారైనా సరే దగ్గు మింగాల్సిందే. ఒకసారి ఎవరో పెద్దమనిషి ఫోను మోగితే చెయ్యి పట్టుకుని లేపి, కారు దాకా సాగనంపి వచ్చాడు. ఆయన మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఫోను ఇంట్లో పెట్టి.

కార్చిచ్చు చల్లారాక వాన పడింది. కొండల మీది బూడిదంతా వాగులోకి దిగింది. నీళ్ళు నల్లబడి, చేపలు వెల్లకిలా తేలాయి. ప్లాటిపస్‌లు ఒక్కటీ మిగల్లేదు. రెండేళ్ళపాటు ఫెర్గ్ ఖాళీ వాగు ముందు, ఖాళీ అరుగు మీద, రోజూ ఒక్కడే కూర్చున్నాడు. నీకు పిచ్చి పట్టిందా అని లియోనీ అడగలేదు. ఫ్లాస్కులో టీ పోసి చేతికిచ్చింది. మూడో ఏడు శీతకాలంలో ఒక సాయంత్రం నీళ్ళ మీద సన్నటి గీత పడింది. గీత ముందు ఒక ముక్కు, ముక్కు వెనక ఒక వీపు, చివర్న కాలిన మచ్చ ఉన్న తోక. ఫెర్గ్ ఇంటికొచ్చి, చొక్కా చేత్తో ముఖం తుడుచుకుంటూ, "వచ్చింది," అన్నాడు. ఎవరని లియోనీ అడగలేదు.

దానికి పేరు మాత్రం పెట్టనివ్వలేదు. వచ్చిన పిల్లలు బుడగలనీ మహారాణీ అనీ ఏవేవో అనేవాళ్ళు. "పేరు పెడితే మనదనుకుంటాం. మనది కాదు. దాని వాగు పక్కన మనం ఉంటున్నాం," అనేవాడు ఫెర్గ్. అయినా 'అది' అనడానికి అతనికే నోరు రాలేదు. 'ఆవిడ' అన్నాడు. లోయంతా 'ఆవిడ' అంది. ఆవిడొచ్చాక కార్లొచ్చాయి, రొట్టెల కొట్టులో ఆరిపోయిన రెండో పొయ్యి వెలిగింది, యాత్రికుల బళ్ళు ఆగే కారవాన్ పార్కులో పిల్లల సైకిళ్ళు కనబడ్డాయి. ఆవిడ కనబడినన్నాళ్ళే ఈ లోయకి జనం. ఆ సంగతి అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

ఫెర్గ్‌కి ఒక్కడికే తెలిసిన సంగతి ఇంకొకటుంది. అక్టోబరులో, అక్కడి వసంతంలో, ఒకనాడు ఆవిడ తడి ఆకుల్ని తోక కింద ఇరికించుకొని ఒడ్డువైపు మోసుకుపోవడం చూశాడు, మసక చీకట్లో ఎక్కడ దూరిందో మాత్రం కనబడలేదు. అంటే గూడు. అంటే గుడ్లు. వంటింట్లో ఎవరో పొంచి ఉన్నట్టు గుసగుసగా లియోనీకి చెప్పాడు.

"ఫిబ్రవరి చివర్లో పిల్లలు బయటికొస్తాయి. అప్పటిదాకా ఎవ్వరికీ చెప్పకు."

"మన మనవల కోసం కూడా నువ్వు ఇంత కాచుక్కూర్చోలేదు ఫెర్గ్."

"వాళ్ళు ఏడాదికొకరు పుడుతూనే ఉన్నారుగా," అన్నాడు.

ఇక బోనువల సంగతి. ఆ లోయలో అది లేని కొట్టం ఉండేది కాదు. ఇనప చువ్వల చట్రం, చుట్టూ వల, రెండు పక్కలా లోపలికి సన్నబడుతూ పోయే మూతులు. మధ్యలో మాంసం ముక్క కట్టి పొలం కుంటలోకి విసిరితే యాబీ రొయ్యలు లోపలికి పాకుతాయి, బయటికి రాలేవు. క్రిస్మస్ మర్నాడు వాటిని ఉప్పునీళ్ళలో ఉడికించి, వెనిగర్ చల్లి, వెన్న రాసిన రొట్టెతో తినడం తాతలనాటి అలవాటు. చిక్కల్లా ఒకటే. లోపలికొచ్చింది రొయ్యో ప్లాటిపసో వలకి తెలీదు. ప్లాటిపస్ నీళ్ళలో తిరిగినా పైకొచ్చి గాలి పీల్చాల్సిన ప్రాణి. పైకి రాలేకపోతే కాసేపట్లో పోతుంది. అందుకే ప్రభుత్వం ఆ వలల్ని నిషేధించింది. నిషేధిస్తే ఏమైంది? ఆ లోయలో ఒకసారి కొట్టంలోకి పోయిన వస్తువు బయటికి రావడమంటూ ఉండదు. అందుకని ఫెర్గే ఊరి హాల్లో మీటింగు పెట్టి, అందరినీ తమ తమ వలలు తెచ్చి ఇమ్మన్నాడు.

ఆఖరి వరసలోంచి క్లారీ ఓట్స్ లేచాడు. ఫెర్గ్ పొలానికి ఆనుకున్న పొలం అతనిది. ఇద్దరూ ఒకే బడి, ఒకే బెంచీ.

"వాగులో వెయ్యకూడదంటే సరే. నా కుంట కొండ మీదుంది. నీ ఆవిడ నా కుంటలోకి ఎందుకొస్తుందిరా, టీ తాగిపోడానికా?"

హాలంతా నవ్వింది. ఫెర్గ్ నవ్వలేదు.

"వాగు ఎండితే కొండెక్కయినా వస్తుంది, క్లారీ. నాలుగు కాళ్ళున్నాయి. నీకంటే బాగా నడుస్తుంది."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. క్లారీకి మోకాలు అరిగి, కాలీడ్చుకుంటూ నడుస్తాడు. అతను నేరుగా ఇంటికెళ్ళి, తన వల తెచ్చి, ఫెర్గ్ కాళ్ళ ముందు పడేశాడు. "గోడకి తగిలించుకో," అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. మిగతా వలలన్నీ ఫెర్గ్ తగలబెట్టాడు. క్లారీ వలని మాత్రం నిజంగానే గోడకి తగిలించాడు. టీ కొట్టు పక్కన పిల్లల కోసం పాత సామాన్లు పెట్టిన కొట్టం ఉంది. వెన్న చిలికే పీపా, కుందేళ్ళ బోను, గొర్రెబొచ్చు కత్తెర, వాటి పక్కనే ఈ వల. కింద ఎర్ర రంగుతో 'దీన్ని ఎప్పుడూ వాడకండి' అని తనే రాశాడు.

జనవరి అంటే అక్కడ నడి ఎండాకాలం, ఈసారి మరీ మాడ్చేసింది. బడి సెలవులు, కారవాన్ పార్కు నిండా జనం, వాగులో మాత్రం రోజురోజుకీ నీళ్ళు తగ్గిపోతున్నాయి. అరుగు ముందున్న మడుగు కుంచించుకుపోయి పచ్చబడింది. ఆవిడ కనబడటం మానేసింది. "నీళ్ళు వేడెక్కాయి. బాగా చీకటి పడ్డాక వస్తోందేమో," అని ఫెర్గ్ అందరికీ చెబుతున్నాడు. చెప్పిందే చెప్పగా చెప్పగా తనూ నమ్మాడు. వచ్చినవాళ్ళు మర్యాదగా తలూపి, స్కోన్లు తిని, మర్నాడు సముద్రం వైపు పోతున్నారు. రొట్టెల కొట్టావిడ లియోనీని ఆపి, "ఫెర్గ్ ఏమంటున్నాడు?" అని వాగులోని ఆవిడ గురించే అడిగింది, వేరే మాటలు కలిపి.

పోకుండా ఉన్నది సిమోన్ ఒక్కతే. మెల్‌బోర్న్‌లో నర్సు, ఇద్దరు పిల్లలతో వచ్చింది. చిన్నవాడు జూడ్ వాగు గట్టుమీద కూర్చుంటే నిద్రపోతాడు. పెద్దది మార్నీ, ఏడేళ్ళది. దానికి ప్లాటిపస్ తప్ప లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. వచ్చినప్పట్నించీ ప్రతి సాయంత్రం ముందు వరసలో కూర్చుంది. దోమ కుట్టినా కదల్లేదు. అంత నిశ్శబ్దంగా కూర్చున్న పిల్లని ఫెర్గ్ చూడలేదు. ఆ పిల్ల ముఖం చూడలేక వాగు వైపే చూస్తూ ఉండేవాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం మార్నీ పాత సామాన్ల కొట్టంలో ఒక్కతే నిలబడి ఉంది. ఫెర్గ్ తలుపు దగ్గర ఆగాడు.

"ఇవాళ ఆఖరి సాయంత్రం. ఇవాళ రావచ్చు," అన్నాడు.

"రాదు," అంది మార్నీ, వెనక్కి తిరక్కుండా. "ఇక్కడ అన్నీ ఉత్తివే. జలపాతంలో నీళ్ళు లేవు. రైలు కదలదు. నీ ప్లాటిపస్ కూడా ఉత్తిదే. బోర్డు మీద బొమ్మ వేసుకున్నావు, అంతే."

కోపంగా అని ఉంటే ఫెర్గ్ నవ్వేసేవాడు. ఆ పిల్ల మామూలుగా, లెక్క తేలిపోయినట్టు అంది. ఫెర్గ్‌కి చెంప మీద కొట్టినట్టయింది. పెద్దవాళ్ళు ఎంత మర్యాదగా వెళ్ళిపోయినా పట్టని మాట, ఈ పిల్ల నోటి వెంట వచ్చేసరికి గుండెలో దిగబడింది.

"ఇదేంటి?" అని మార్నీ గోడ మీది వలని చూపించింది.

"రొయ్యల వల. వాడకూడదు."

"రొయ్యలు కూడా లేవా?"

"ఉన్నాయమ్మా. కొండ మీద మా కుంటనిండా యాబీలే. నా చెయ్యంతవి."

"అవునులే," అంది మార్నీ. ఆ పిల్ల నమ్మలేదు.

అప్పుడు ఫెర్గ్ చేసిన పని లోయలో ఇంకెవరు చేసినా ఫెర్గ్ వాళ్ళ ముఖం చూసేవాడు కాదు. చెయ్యి పైకెత్తి, మేకు మీంచి వల దించాడు. కుంట వేరు, వాగు వేరు అనుకున్నాడు. ఒక్క సాయంత్రం, నా కళ్ళ ముందే, నా పొలంలోనే అనుకున్నాడు. ఒక్కటైనా నిజమైనది చూసి వెళ్ళాలి ఈ పిల్ల అనుకున్నాడు. ఊరందరికీ చెప్పిన మాట తనకి చెప్పుకోవడం ఒక్కటే మర్చిపోయాడు. లియోనీ చూసి ఉంటే ఆపేది. లియోనీ లోపల స్కోన్లకి పిండి కలుపుతోంది.

మధ్యాహ్నం మిగిలిన సాసేజ్ ముక్కని పాత మేజోడులో పెట్టి, వల మధ్యలో ఎలా కట్టాలో మార్నీకి నేర్పించాడు. ముగ్గురూ కొండెక్కారు, ఫెర్గ్, మార్నీ, వెనకాల జూడ్. కుంటలో ఊట ఉంది, ఎండాకాలమైనా నీళ్ళు చల్లగా, లోతుగా ఉంటాయి. మార్నీ రెండు చేతులా వల ఎత్తి విసిరింది. అది బుడుంగున మునిగింది. తాడు కొస ఫెర్గ్ గట్టుమీద కంచె రాటకి కట్టాడు.

"వాగు దగ్గర్నుంచి వచ్చాక లాగుదాం," అన్నాడు.

"నేను లాగుతా."

"నువ్వే లాగుదువుగాని."

ఆ సాయంత్రం అరుగు మీద జనం పలచగా ఉన్నారు. ఫెర్గ్ ముందు నిలబడి పెదవుల మీద వేలు పెట్టాడు. మార్నీ తన చోట కూర్చుంది. జూడ్ అమ్మ ఒళ్ళో పడుకున్నాడు. కూకబర్రా పిట్టలు ఒకసారి నవ్వినట్టు అరిచి ఊరుకున్నాయి. ఎండ కొండ వెనక్కి జారింది. మడుగు మీద పురుగులు తప్ప ఏమీ కదల్లేదు. ఫెర్గ్ మనసులో ప్రార్థన లాంటిదేదో చేశాడు. అతను చర్చికి పోయి ఎన్నేళ్ళయిందో అతనికే తెలీదు. ఒక్కసారి రావే తల్లీ, ఈ పిల్ల కోసం, ఒక్క గీత చాలు అనుకున్నాడు. ఎంతసేపు చూసినా ఆవిడ రాలేదు. చూపు ఆనని వేళయ్యాక అతను వేలు దించి, "క్షమించండి," అన్నాడు, రోజూ అన్నట్టే.

మార్నీ అప్పటికే లేచి కొండవైపు పరుగెత్తుతోంది. ఈసారి ఆ పిల్ల ముఖంలో దిగులు లేదు. అది చూసి ఫెర్గ్‌కి ఒళ్ళు తేలికైంది. జూడ్‌ని భుజం మీద ఎక్కించుకొని వెనకాల నడిచాడు. సిమోన్ ఫోను దీపం పట్టుకుని వచ్చింది. వాళ్ళు గట్టెక్కేసరికి మార్నీ తాడు లాగుతోంది.

"బరువుగా ఉంది," అంది పళ్ళు బిగించి. "బోలెడున్నాయి, ఫెర్గ్."

వల నీళ్ళలోంచి పైకొచ్చింది. సిమోన్ దీపం దాని మీద పడింది. అందులో యాబీలున్నాయి, నిజంగానే చెయ్యంతవి. అవి మధ్యలో ఉన్న గోధుమరంగు ముద్ద మీద పాకుతున్నాయి. ఫెర్గ్ జూడ్‌ని కిందికి దించాడు. వల దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, మూతి విప్పి, యాబీల్ని చేత్తోనే తోసేసి, ఆవిడని బయటికి తీశాడు. తోక మీద కాలిన మచ్చ అతని బొటనవేలి కింద తగిలింది.

"ఇదేనా?" అంది మార్నీ.

సిమోన్ దీపం దగ్గరికి పట్టింది, మార్నీ వంగి చూసింది.

"ఇదే కదా. ఎంత చిన్నగా ఉంది. నిద్రపోతోందా?"

"మార్నీ, ఇలా రా," అంది సిమోన్. నర్సు కాబట్టి ఆమెకి దీపం వెలుగులో చూడగానే తెలిసిపోయింది. "ఇలా రా నాన్నా. ఇప్పుడే."

"నువ్వే కదా చెప్పావు, వాగులో ఉంటుందని," అంది మార్నీ, ఫెర్గ్‌తో. అమ్మ చెయ్యి పట్టుకుని లాగుతున్నా తల తిప్పి చూస్తూనే ఉంది. "వాగులో లేదు. ఇక్కడుంది. మనం అక్కడ కూర్చున్నాం."

ఫెర్గ్ ఆవిడని ఒళ్ళో వెల్లకిలా తిప్పాడు. పొట్ట మీది బొచ్చు అట్టకట్టి ఉంది. నీళ్ళతో కాదు. వేలితో తాకి, వేలు దీపం వైపు ఎత్తి చూశాడు. తెల్లగా ఉంది. ప్లాటిపస్‌కి చన్నులుండవు, పాలు చర్మంలోంచి ఊరి బొచ్చులోకి దిగుతాయి, పిల్లలు అక్కడే నాకుతాయి. ఎన్ని వందలమంది పిల్లలకో అతను చెప్పిన మాట అది. గూడు ఖాళీ కాదు. గుడ్లు పిల్లలయ్యాయి. ఆవిడ వాటికోసం మేతకి వచ్చింది, వాగులో మేత లేక, కొండెక్కి, నాలుగు కాళ్ళ మీద.

అప్పుడు అతని నోట్లోంచి వచ్చిన చప్పుడు విని సిమోన్ పిల్లలిద్దర్నీ ఎత్తుకుని కిందికి దిగిపోయింది.

లియోనీ గుమ్మంలోకి వచ్చింది. తువ్వాలులో చుట్టిన ఆవిడని చేతుల్లోకి తీసుకుంది. వన్యప్రాణుల ఆఫీసుకి ఫోను చేస్తే అవతల మనిషి జాగ్రత్తగా, మంచిగానే మాట్లాడాడు. శరీరాన్ని ఫ్రీజర్లో పెట్టమన్నాడు, మనిషిని పంపిస్తానన్నాడు. పిల్లల సంగతి ఫెర్గే అడిగాడు. బొరియ ఎక్కడుందో తెలుసా అన్నాడు అవతల మనిషి. తెలీదన్నాడు ఫెర్గ్. తెలీకపోతే ఏమీ చెయ్యలేమండీ అన్నాడు అవతల మనిషి. లియోనీ టీ కొట్టు ఫ్రీజరు తెరిచి, పిల్లల ఐసుపుల్లల పెట్టెలు బయటికి తీసి, చోటు చేసింది.

తెల్లవారుతూనే ఫెర్గ్ కుంటకీ వాగుకీ మధ్య ఒడ్డంతా చేతులతో తడుముతూ తిరిగాడు. దొరకదని అతనికి తెలుసు. ఆ మాట తనే నవ్వుతూ జనానికి చెప్పేవాడు: తల్లి బయటికొచ్చేటప్పుడు మట్టితో దారి మూసేసి వస్తుంది, నక్క వెతికినా దొరకదు, ఎంత తెలివైందో చూడండి. లోపల అవి చీకట్లో ఉంటాయి. కళ్ళు తెరిచి ఉండవు. తల్లి వస్తుందని ఉంటాయి. ఎన్నాళ్ళు ఉంటాయో అతను లెక్క వెయ్యబోయి మానేశాడు.

వెళ్ళేముందు సిమోన్ కారు ఆపింది. దిగి, ఫెర్గ్ చెయ్యి నొక్కి మళ్ళీ ఎక్కింది. వెనక సీట్లో అద్దం కిందికి దిగింది.

"నేను వల విసరకపోతే బావుండేది," అంది మార్నీ. రాత్రంతా ఏడ్చిన ముఖం.

"నువ్వు కాదు తల్లీ. నేనే."

"నేనే విసిరాను."

"నేను ఇచ్చాను కదా. నేనే ఇచ్చాను. విన్నావా? నువ్వు కాదు."

ఆ పిల్ల తలూపింది, మర్యాదకి. పెద్దవాళ్ళలాగే. కారు పోయింది. ఆ పిల్ల బతికినన్నాళ్ళూ చేతుల్లో ఆ తాడు బరువు మోస్తుందని ఫెర్గ్‌కి తెలిసిపోయింది. ఒక్కటైనా నిజమైనది చూపించాలని అతను ఆ పిల్లకి ఇచ్చింది ఇదీ.

మధ్యాహ్నానికి క్లారీ ఓట్స్ వచ్చాడు. లోయలో మాట దాగదు. కాలీడ్చుకుంటూ కొండెక్కి, గట్టుమీద ఫెర్గ్ పక్కన నిలబడ్డాడు. భుజం మీద పార ఉంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోక చాలా కాలమైంది.

"తిట్టు," అన్నాడు ఫెర్గ్.

"తిడదామనే బయల్దేరాను. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను."

"మరి తిట్టు."

"ఛస్తే తిట్టను పోరా," అన్నాడు క్లారీ. పార నేలకి ఆనించాడు. "తవ్వుదాం. ఎక్కడ?"

ఫెర్గ్ ఒడ్డు పొడుగునా చూశాడు. కుంట నుంచి వాగు దాకా గడ్డి, వేళ్ళు, మట్టి. బొరియ ఎక్కడైనా ఉండొచ్చు, ఎటైనా తిరిగి ఉండొచ్చు. "ఎక్కడ తవ్వినా వాటి మీదే కూలుతుందేమో," అన్నాడు. "తెలీదు. నాకు తెలీదు క్లారీ."

"నా వల," అన్నాడు క్లారీ. "ఆ రోజు పంతానికి పడేసి పోయాను గానీ, నేనే కాల్చేసి ఉంటే..."

"నీది కాదురా. దాని కింద రాసింది నేను."

క్లారీ జేబులోంచి పొగాకు తీసి చుట్టి, ఒకటి ఫెర్గ్‌కి ఇచ్చాడు. ఫెర్గ్ మానేసి పదేళ్ళయింది. తీసుకున్నాడు. ఇద్దరూ పార పక్కన పెట్టుకుని, చెయ్యడానికేమీ లేక, ఆ నేల మీద కూర్చున్నారు. అడుగు తీసి అడుగు వెయ్యాలన్నా ఫెర్గ్‌కి భయంగా ఉంది, కింద ఏముందో అని.

పొద్దు వాలుతుండగా లియోనీ వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి, ఏప్రన్ అలాగే ఉంది.

"మలుపు దగ్గర బోర్డుకి గోనెపట్టా కప్పించాను. అయినా వచ్చేశారు, ఫోన్లు దారి చూపిస్తాయిగా. రెండు బస్సులు కూడా ఉన్నాయి, ఏదో పిల్లల క్యాంపు. నేను వంటింట్లో ఉండగా వాళ్ళంతట వాళ్ళే వాగు దగ్గరికి దిగిపోయారు." ఆమె ఆగింది. "నేను వెళ్ళి చెప్పనా?"

"వద్దు," అన్నాడు ఫెర్గ్. లేచాడు. "నేను చెప్పాలి."

కొండ దిగాడు. చెప్పాల్సిన మాటలు దారిలో పేర్చుకున్నాడు. ఆవిడ లేదు. ఇక ఉండదు. ఇళ్ళకి వెళ్ళండి. కార్చిచ్చు కాదు, కరువు కాదు, నేను. చెట్ల మలుపు తిరిగేసరికి అరుగు కనబడింది.

అరుగు నిండిపోయింది. అంతమంది ఆ లోయకి కార్చిచ్చు ముందు కూడా రాలేదు. మెట్ల మీద చోటు చాలక గడ్డిలో కూడా పిల్లలు మఠం వేసుకుని కూర్చున్నారు. దారి పక్క రేకు మీద అతను రాసిన నియమం చదువుకుని వచ్చినట్టున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరి ఫోనూ వెలగడం లేదు. చంటిపిల్లలు కూడా ఊపిరి బిగబట్టి ఊరుకున్నట్టున్నారు. అందరూ ఆ పచ్చటి మడుగు వైపు, ముందుకు వంగి, కళ్ళార్పకుండా చూస్తున్నారు. ఇన్నేళ్ళలో ఫెర్గ్ అంత బుద్ధిగా కూర్చున్న జనాన్ని చూడలేదు.

అతను వెనక మెట్టు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

ఆఖరి వరసలోంచి నాలుగేళ్ళ పిల్ల ఒకతి వెనక్కి తిరిగింది. అతనెవరో ఆ పిల్లకి తెలీదు. కనుబొమ్మలు ముడిచి, కోపంగా చూసి, పెదవుల మీద వేలు పెట్టింది.

ఫెర్గ్ నోరు మూసుకున్నాడు. ఆ పిల్ల పక్కకి జరిగి చోటిస్తే, టోపీ తీసి, వెనక వరసలో కూర్చున్నాడు.